ఆయన పేరుమీది బియ్యం

సిద్దిపేట, 1992. పెద్దల పేరుమీద బియ్యమిచ్చే అమావాస్య, పెత్రామాసకు ముందురోజు సాయంత్రం. విమలమ్మ వంటింటి గడప దగ్గర కూర్చొని చాటలో బియ్యం ఏరుతోంది. కూతురు జ్ఞానేశ్వరి ఇప్పుడే బస్సు దిగి వచ్చింది.

"చెప్పులు అవతల ఇడువు. కాళ్లు కడుక్కొని రా. ఇయ్యాల గూడ చేర్యాలకే పోయినవా?"

"చేర్యాలకే. ఇగ పోను. అయిపోయింది."

"ఏం అయిపోయింది?"

"వెతుకుడు. దొరికిండు."

"ఎవలు?"

"ఎవలంటవేందమ్మా? దత్తాత్రి తాత. మన సాయవ్వ మొగడు. ఎండకాలం సెలవులసంది ఎవలకోసం బస్సులెక్కి దిగుతున్న నేను?"

"ఊ. మంచినీళ్లు తాగు. కుండల ఉన్నయ్."

"మనిషి దొరికిండని కాదు. మనిషెక్కడున్నడు? ముచ్చట దొరికింది."

"ఆ రెండో చాట ఇటు జరుపు. నాకు వంగవస్తలేదు. పొద్దుగాల్నె నీ తమ్ముడు గుడికి పోయి పెద్దలకు బియ్యమియ్యాలె. హరికిషన్ మంచి బియ్యమే తెచ్చిండు గాని, ఎంత మంచియైనా రాళ్లే."

"నేనేం చెప్తున్న, నువ్వేం చెప్తున్నవ్?"

"ఇంటున్న. చెవులు ఇంటయ్, చేతులు ఏరుతయ్. నువ్వు గూడ కూసోని ఏరు. బియ్యం ఇట్ల నా దిక్కు ఒంపు. నెమ్మదిగ! కింద పడతయ్."

"అచ్చం సాయవ్వ లెక్కనే అంటున్నవ్. యాదికున్నదా? నా చిన్నప్పుడు పెత్రామాసనాడు సంచి తాత వచ్చెటోడు. ఆయనకు బియ్యం నాతోనే పోయించేది. తలుపెనక నిలవడి ఒకటే తీరుగ, 'నెమ్మదిగ పొయ్యి బిడ్డా, నెమ్మదిగ, ఇంకా నెమ్మదిగ.' ఒక్క గింజ ఒలకనియ్యకపోయేది. ఎంత పిసినారో! పాపం, ఆ తాతకు సంచి పట్టుకున్న చేతులు గుంజేటివేమో. అయినా నిలవడెటోడు. పోయేటప్పుడు నాకు బెల్లంముక్క ఇచ్చి పోయెటోడు."

"నల్లటి బియ్యం పక్కకు తీయి."

"తీస్తున్న. అసలు ముచ్చట ఇనవా?"

"ఇంటున్నననే చెప్పిన గద. నీకెందుకే బిడ్డా ఇదంత? బడి ఉన్నది, ఇల్లున్నది. తాతలు ముత్తాతలు అనుకుంట ఎండల పడి తిరుగుడు. మొఖం చూస్కున్నవా, ఎట్ల గుంజుకపోయిందో."

"బళ్లె పిల్లలకు చెప్తి, మీ ఇంటి పెద్దల పేర్లు కొమ్మలు కొమ్మలుగ రాసుకరాండ్రి అని. ఒక పిల్ల లేసి, 'మీదేది టీచర్?' అన్నది. గట్ల మొదలువెట్టిన. అన్ని కొమ్మలు మంచిగనే వచ్చినయ్. సాయవ్వ కాడికొచ్చి ఆగింది. తాతకు చెల్లె. మొగడు దత్తాత్రి. నేతపనికి షోలాపూర్ పోయిండు, గాడ గత్తర రోగంతోని సచ్చిపోయిండు. గంతే. ఎట్లుండెటోడు, ఏం మనిషి, ఎవలనడిగినా మాట తప్పిచ్చుడే. నువ్వు గూడ."

"నాకేం ఎరుక? నేను కోడలిగ వచ్చినదాన్ని."

"రాయపోల్‌ల ఆయన అన్న మనుమడున్నడు. పోయి అడిగితె కూసోమని గూడ అనలే. 'మా తాత ఆ పేరు ఎత్తనియ్యకపోయేది' అన్నడు. నేను బస్సుకు నిలవడ్డంక ఏమనిపిచ్చిందో, సైకిలేసుకొని వచ్చి మెల్లగ అన్నడు, చేర్యాలల అడుగున్రి అని."

"అడిగినవా?"

"మూడు తీర్ల మనుషులు మూడు దిక్కులు చూపెట్టిన్రు. ఆఖరికి కొండవ్వ అని ఒక ముసలామె దొరికింది. నక్కాషోళ్లు. పొడుగు బట్టల మీద పటాలు గీస్తరు చూడు, వాళ్లు. వాళ్ల ముందటి అర్రల కిరాయికి ఉండెనట మన తాత. వాళ్ల పటాలకు బట్ట నేసి ఇచ్చెటోడట. సిద్దిపేట దత్తాత్రి అంటె ఆ వాడల అందరికి ఎరుకనే."

"ఊ."

"ఊ అంటవేంది? షోలాపూర్‌ల సచ్చినోడు చేర్యాలల బట్ట నేసిండమ్మా! పెద్దకరువు వచ్చిన ఏడు, ఇరువై ఏండ్ల కింద సచ్చిపోయిండట. అప్పటికి నేను కాలేజిల ఉన్న. మనమేమో ఏడాదేడాది ఆయన పేరుమీద బియ్యమిచ్చుకుంట కూసున్నం. బతికున్నోని పేరుమీద!"

"మెల్లగ. గోడ అవతల షమ్షున్నీసా ఉన్నది."

"ఉండనియ్. ఆమె గూడ ఇనని. సాయవ్వది ఎంత చిన్న వయసు అప్పుడు? బొట్టు తీసి, గాజులు తీసి, అన్న ఇంట్ల ఒక మూలకు బతికింది. పెండ్లి పందిట్ల ముందటికి రాకపాయె. బతుకమ్మ తనే పేర్చేది, ఆటకు మాత్రం గడప దాటకపాయె. అదంత ఎవలకోసం? ఒక్క బస్సు ఎక్కితె దిగే ఊర్ల సుఖంగ ఉన్నోని కోసం! నాకు ఏడుపు గూడ రాలేదమ్మా. యాష్టకొచ్చింది. వచ్చేటప్పుడు బస్సుల సీటు దొరికినా కూసోబుద్ధి గాలే."

"సుఖంగ ఉన్నడని చెప్పిందా ఆమె?"

"ఏమో. ఇంకో ఆమెను చేస్కున్నడా అని సూటిగనే అడిగిన."

"ఏమన్నది?"

"గదొక్కటి మాత్రం తొందరగ అడుగుతున్నవ్."

"ఏమన్నదే?"

"లేదట. ఒక్కడేనట."

"ఒక్కడేనా?"

"ఒక్కడే అన్న గద."

"కడదాక?"

"కడదాక. తనే వండుకునెటోడట, తన బట్టలు తనే కుట్టుకునెటోడట. ఏందమ్మా? ఎందుకట్లయినవ్?"

"ఏం లేదు. బియ్యం దుమ్ము. కండ్లల పడ్డది."

"ఇటు చూడు."

"ఏం లేదన్న గద. చెప్పు. ఇంకేమన్నది?"

"ఇంకేమనాలె. ఏడాదికొకసారి సిద్దిపేటకు పోయెటోడట. పొద్దుగాల బస్సుకు పోయి మాపటికి తిరిగొచ్చెటోడట. ఏం పని అంటె చెప్పకపోయేదట. వచ్చేటప్పుడు బియ్యం తెచ్చుకొని, ఆ రాత్రికి వండుకొని ఒక్కడే తినెటోడట. కొండవ్వ నవ్వుకుంట చెప్పింది. 'ఏది వండినా మా పిల్లలకు బుక్కెడు పెట్టెటోడు, గా ఒక్కనాడు మాత్రం పెట్టకపోయేది. ఇవి మీరు తినరాదు అనెటోడు' అన్నది."

"అట్ల అనెటోడా?"

"ఏం మనిషమ్మా! సిద్దిపేట దాక వచ్చెటోడు. ఈ గల్లిలకు వచ్చి, పెండ్లామెట్లున్నదో ఒక్కసారి చూసి పోవాల్నని లేకపాయె. బియ్యం కొనుక్కొని పోయిండట! హరికిషన్‌కు ఇప్పుడే చెప్తా. రేపు సాయవ్వ పేరొక్కటే ఎత్తాలె, దత్తాత్రి పేరు ఎత్తొద్దు. నా రాతల గూడ కొట్టేస్తా."

"వద్దు."

"ఏం వద్దు?"

"తమ్మునికి చెప్పొద్దు. ఇద్దరి పేర్లు ఎత్తాలె. ఒక్క చాటల పెట్టియ్యాలె. సాయవ్వ అత్త పోయేముందు నా చెయ్యి వట్టుకొని అడిగింది."

"ఆమె తెల్వక అడిగింది. తెలిస్తె అడుగునా?"

"జ్ఞానీ, లైటెయ్యి. గింజ కనపడ్తలేదు."

"కరెంటు లేదు. మాట మార్చకు. ఆయన బతికున్నడని ఎరుకయితె సాయవ్వ ఆయన పేరు ఎత్తునా?"

"ఆమెకెరుకనే."

"ఏం ఎరుక?"

"బతికున్నడని."

"ఎవలకు, సాయవ్వకా?"

"ఆమెకు, మీ తాతకు, మీ నాయనకు. నాకు గూడ."

"నీకు గూడనా? మరి నేను ఇన్ని నెలలసంది ఆ ఊరు ఈ ఊరు తిరుగుతుంటె..."

"నువ్వు పేర్లడిగినవ్. సన్ తారీకులడిగినవ్. అవి నాకు నిజంగనే ఎరుకలేవు. చేర్యాలల ఉన్నడని గూడ నువ్వు చెప్తేనే ఎరుక."

"ఇంక నన్ను పరేషాన్ చెయ్యకు. చాట కింద పెట్టు. చెప్పు."

"ఏం చెప్పాలె బిడ్డా. చెప్పెటందుకు ఓపిక గూడ లేదు. నేను ఈ ఇంటికొచ్చి ఏడాది గూడ కాలే. నేనొచ్చేటాళ్లకే అత్తకు బొట్టు లేదు. అంజన్నని మన కులపాయన, షోలాపూర్‌ల పనికి ఉండెటోడు, వచ్చి చెప్పిండట. దత్తాత్రికి గత్తర తగిలింది, బండిల ఏసుకపోయిన్రు, నా కండ్లతోని చూసిన అని. ఆయన అబద్ధమాడలే. బండిల ఏసుకపోయిన మాట నిజమే. గత్తర వచ్చినోళ్లను బండిలేస్తె మల్ల వచ్చుడన్నది లేకుండె అప్పుడు."

"మరి?"

"దవాఖానకు ఏసుకపోయిన్రు. బతికిండు. లేసి నడిచేటాళ్లకు నెలలు పట్టింది, కబురు చెప్పెటోడు లేకుండె."

"అయ్యో."

"ఈడ మీ తాత ఏం చేస్తడు? గడ్డితోని బొమ్మ చేసి, కాలవెట్టి, దినాలు చేసిండు. పదో దినం అత్త గాజులు పలగ్గొట్టిన్రు. పుస్తె తీసిన్రు. పెత్రామాస వస్తె ఆయన పేరుమీద బియ్యం గూడ ఇచ్చిన్రు. అంత అయిపోయింది. అయిపోయినంక ఒకనాడు పొద్దుగూకంగ వచ్చి వాకిట్ల నిలవడ్డడు."

"నువ్వు చూసినవా?"

"నేనే ముందు చూసిన. ఎవలో అడుక్కునేటాయన అనుకున్న. బొక్కలకు తోలు చుట్టినట్టున్నడు. 'సాయీ' అని పిలిచిండు. అత్త పొయ్యి కాడ ఉండె. ఉరికొచ్చింది. వచ్చి గడపల ఆగిపోయింది. ఆయన ఆమె నొసలు దిక్కు చూసిండు. చూసి ఏమన్నడో ఎరుకనా?"

"ఏమన్నడు?"

"'ఎవలు పోయిన్రే?' అన్నడు."

"అమ్మా..."

"గా మాట నా చెవులకెల్లి ఇప్పటికి పోతలేదు."

"మరి ఇంట్లకు తీస్కోవాలె గద! తప్పు కబురు వచ్చింది, మనిషి బతికే ఉన్నడు, ఇగ లొల్లి ఏముంది?"

"నువ్వు ఇప్పుడంటున్నవ్. కులపెద్దలు వచ్చి కూసున్నరు. కర్మ అయినంక మనిషి లేనట్టే లెక్క అన్నరు. పలిగిన గాజులు మల్ల ఎయ్యరాదన్నరు. ఏదో ఒక శాంతి చేపిచ్చి కలుపుకుందమని మీ తాత వాళ్ల కాళ్లావేళ్లా పడ్డడు. వాళ్లు జర మెత్తవడ్డరు గూడ. గంతల్నె మీ నాయన ఆఖరి చెల్లె, చంటిపిల్ల, జ్వరమొచ్చి రెండుపూటలల్ల పోయింది. ఇగ ఎవలాపుతరు? సచ్చినోడు ఇంట్లకొచ్చిండు, పిల్లను తీస్కపోయిండు అన్నరు."

"తాత గూడ అన్నడా?"

"మీ తాత పిల్లను బొందవెట్టి వచ్చి కూసున్నడు. అన్లేదు. కాదని గూడ అన్లేదు. ఆ మనిషితోని ఏం మాట్లాడుతం?"

"ఆయన సొంత అన్నదమ్ములు? రాయపోల్‌ల?"

"వాళ్లు గడప తొక్కనియ్యలే."

"సాయవ్వ ఆయన ఎంబడి పోవాలె. ఏ పట్నమన్న పోయి బతకాలె."

"బొట్టు లేని మనిషి ఒక మొగోని ఎంబడి పోతె, మొగడే అని ఎవలంటరే? పోతనని ఆమె అన్లేదు. రమ్మని ఆయన అన్లేదు. ఆ పిల్ల పోయినంక ఇద్దరికి నోరు వడిపోయింది. ఆయన లేసి పోయిండు. ఎటు పోయిండో ఎవలు అడగలే."

"ఎవ్వరు అడగలేనా?"

"అడిగితె చెప్తడు. చెప్తె ఎరుకయితది. ఎరుకయితె ఊకె ఉండవశమా?"

"అంతేనా? అక్కడికి అయిపోయిందా?"

"మీ తాత అప్పటిసంది చెల్లె మొఖం చూసి మాట్లాడలేకపోయిండు. ఒకనాడు అన్నం ముందట కూసోని అడిగిండు. 'సాయీ, నేను నీకేం చెయ్యాలె చెప్పు, చేస్తా' అని. నేను వడ్డిస్తున్న. అత్త అన్నది, 'పెత్రామాసకు ఆయన పేరుమీద బియ్యం ఇయ్యాల్నా అన్నా?' 'ఇయ్యాలె, ఒక్కసారి మొదలయినంక ఇడువరాదు.' 'అయితె ఆ బియ్యం గుడి అయ్యగారికి వద్దు. నేను ఎవలకియ్యమంటె వాళ్లకియ్యాలె' అన్నది. మీ తాత చేతుల బుక్క మల్ల పళ్లెంల పెట్టిండు."

"ఒప్పుకున్నడా?"

"ఒప్పుకున్నడు. ఒక షరతు పెట్టిండు. ఒకలకొకలు ఎదురు పడొద్దు, మాట్లాడొద్దు. ఇంట్ల పిల్లలున్నరు అన్నడు. పాపం, భయం ఆయనకు."

"ఎవలకియ్యమన్నది సాయవ్వ?"

"నువ్వే చెప్పినవ్ గద ఇందాక."

"నేనా? నేనేం చెప్పిన?"

"పెత్రామాసనాడు ఎవలకు పోసేదానివి బియ్యం?"

"అమ్మా, సంచి తాతనా?"

"ఊ."

"ఆ తాత... నాకు బెల్లం ఇచ్చే తాతనా?"

"ఆయనే. ఆయన పేరుమీది బియ్యం ఆయనే వచ్చి తీస్కపోయెటోడు."

"ఇవి మీరు తినరాదు అనెటోడట."

"సచ్చినోళ్ల బియ్యం పక్కోళ్ల పిల్లలకు ఎట్ల పెడతడు బిడ్డా?"

"నేను ఆయన ముందటనే నిలవడ్డ. ఏటేటా నిలవడ్డ. మొఖం గూడ యాదికి లేదమ్మా. నెరిసిన గడ్డం... ఆ సంచే యాదికున్నది. నీలి అంచు సంచి."

"నీకంటె ముందు నీ పెద్ద మేనత్త పోసేది. ఆమెకంటె ముందు నేను. ఆయన వాకిట్ల, అత్త తలుపెనక, నడుమ మనం. మాట్లాడొద్దన్నరు గద, ఆమె నీతోని మాట్లాడేది. నువ్వు ఎన్నో తరగతి చదువుతున్నవో, ఇంట్ల ఎవలకు పానం బాగలేదో, అంత గట్టిగ నీకే చెప్పేది. ఆయన ఇనెటోడు."

"నేను ఈమెకు మతి లేదు, నా ముచ్చట నాకే చెప్తది అనుకునేదాన్ని."

"ఆయన దిక్కుకెల్లి మాత్రం ఏం ఎరుక కాకపోయేది. ఏడ ఉంటడో, ఎవలు చూస్కుంటరో. ఒక ఏడు ఆ సంచికి కొత్త అతుకు పడ్డది. ఆయన పోయినంక అత్త నన్నడిగింది, 'అతుకు మంచిగ ఏసిన్రు. ఎవలు ఏసిన్రో' అని. గంతే అన్నది. ఆ దినమంత అన్నం తినలే."

"ఆయనే ఏసుకున్నడు. కొండవ్వ చెప్పింది, అన్ని తనే కుట్టుకునెటోడు."

"ఇయ్యాల ఎరుకయింది నాకు. ఆమె పోయినంక ఎరుకయింది. అందుకే కండ్లల దుమ్ము పడ్డది."

"పెద్దకరువు ఏడు? ఆ ఏడు రాలేదు గద ఆయన?"

"రాలే. నువ్వు పట్నంల ఉంటివి. పొద్దుగాలసంది ఆయన వంతు బియ్యం చాటల పెట్టుకొని తలుపెనకనే కూసున్నది. మాపటికి వాడంత బతుకమ్మ ఆడుతున్నరు. దీపాలు పెట్టినంక లేసి, బాయికాడికి పోయి నెత్తి మీద నీళ్లు పోసుకున్నది. నేను తువ్వాల ఇచ్చిన. తెల్లారి ఆ బియ్యం అయ్యగారికి పంపింది. అప్పటిసంది అయ్యగారికే."

"ఇద్దరికి ఒక్క చాటల పెట్టమన్నది అందుకేనా?"

"బతికినన్ని దినాలు ఒక్కతాన లేకపాయిరి. పోయినంకనన్న ఉండని అన్నది. హరికిషన్ వస్తున్నట్టున్నడు. గేటు చప్పుడయింది. చెప్తవా? దత్తాత్రి పేరు ఎత్తొద్దని?"

"చెప్పను."

"మరి మొఖం తుడుచుకో. వాడు అడిగితె మల్ల మొదటికెల్లి చెప్పాలె. నాతోని కాదు."

"రేపు గుడికాడికి నేను గూడ పోతనమ్మా. అయ్యగారి సంచిల వాళ్లిద్దరి బియ్యం నేనే పోస్తా."

"పొయ్యి. అలవాటే గద నీకు."

"నేను ఆమెను పిసినారి అన్న. ఒక్క గింజ ఒలకనియ్యకపోయేది అన్న. రేపు ఒక్క గింజ ఒలకనియ్యను. సాయవ్వ చెప్పినట్టే నెమ్మదిగ పోస్తా."

"ఒలుకుతయని కాదే పిచ్చిదానా. బియ్యం అయిపోతె ఆయన పోతడని."